శుక్లాల ఆపరేషన్, లేజర్, కంట్లో పెట్టే లెన్స్: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం

కంటి లోపలి సహజ కటకం మసకబారి చూపు తగ్గడాన్ని శుక్లం అంటారు. కడప జిల్లాలో ఎక్కువమంది ‘కంటికి పొర వచ్చింది’ అంటారు గానీ, అది కంటిమీద పేరుకునే పొర కాదు. కనుపాప వెనక సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున ఉండే కటకం మొదట మసకబారుతుంది, తర్వాత పసుపు పచ్చగా మారుతుంది, చివరికి గోధుమ రంగుకో పాల తెలుపుకో తిరుగుతుంది. చుక్కల మందు వేసినా, ఆకు పసరు పోసినా, తిండి మార్చినా అది కరగదు. పసర్ల వల్ల కన్నే పోయినవాళ్ళున్నారు. చెడిన కటకాన్ని తీసేసి ఆ చోట కృత్రిమ లెన్స్ అమర్చడం ఒక్కటే చికిత్స.

ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అనగానే రెండు ప్రశ్నలు లేస్తాయి. లేజర్‌తో చేయించాలా? ఏ లెన్స్ పెట్టించాలి? జనం మొదటి ప్రశ్న చుట్టూ ఎక్కువ తిరుగుతారు. జీవితాంతం ప్రభావం చూపేది మాత్రం రెండోది.

ఈ మూడు తాలూకాల్లో శుక్లం

శుక్లానికి మొదటి కారణం వయసు. షుగరు జబ్బు, పొగతాగడం, ఏళ్ళ తరబడి ఎండలో పని, కంటికి దెబ్బ తగలడం, డాక్టరు చీటీ లేకుండా వాడే స్టెరాయిడ్లు దాన్ని ముందుకు లాగుతాయి. కీళ్ళ నొప్పులకు, ఉబ్బసానికి ఎవరో ఇచ్చిన పేరు తెలియని మాత్రల్లో తరచుగా ఉండేవి ఈ స్టెరాయిడ్లే. పులివెందుల వైపు చీనీ తోటల్లో, అరటి తోటల్లో, శనక్కాయ చేలల్లో పనిచేసే రైతులకు ఎండ, దుమ్ము తప్పవు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి తీసేవాళ్ళకు, కోసేవాళ్ళకు రాతి పెచ్చు ఎగిరి కంట్లో పడితే ముప్పై ఏళ్ళకే శుక్లం రావచ్చు. ప్రొద్దుటూరు బంగారు పనివాళ్ళకూ, ఈ చుట్టుపక్కల మగ్గం నేసేవాళ్ళకూ శుక్లం వచ్చిందంటే మిగతావాళ్ళకంటే ముందే పని ఆగిపోతుంది.

శుక్లం ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది. అరవై దాటిన పెద్దాయన ఒకరోజు చత్వారం అద్దాలు పక్కన పెట్టి పేపరు చదివేస్తాడు. చూపు తిరిగొచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. కటకం నడిమి గింజ గట్టిపడి, కన్ను కాస్త హ్రస్వదృష్టి వైపు జరగడం వల్ల కలిగే తాత్కాలిక లాభం అది. కొన్నాళ్ళకు దూరం చూపూ, దగ్గర చూపూ రెండూ తగ్గుతాయి. ఇంకొందరికి ఎదురుగా వచ్చే లారీ లైట్లు పగిలి చెల్లాచెదురైనట్టు కనిపిస్తాయి. పసుపుబారిన కటకం నీలి కాంతిని ఆపేస్తుంది కాబట్టి రంగులు మారిపోతాయి, అదీ మెల్లగా, మనిషికి తెలియకుండానే. ఒక కంటికి ఆపరేషన్ అయ్యాక రెండు కళ్ళూ మార్చి మార్చి మూసి తెల్ల పంచెను చూస్తే తేడా తెలుస్తుంది: చేసిన కంటికి తెలుపు, చేయని కంటికి లేత పసుపు. బంగారం వన్నె చూసి మాట్లాడే వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

2015–2019 మధ్య దేశమంతటా జరిగిన అంధత్వ సర్వేలో యాభై ఏళ్ళు పైబడినవారిలో అంధులు 1.99 శాతం. వారిలో 66.2 శాతం మందికి చికిత్స చేయించని శుక్లమే కారణం. అంతకుముందు 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించి, అన్ని వయసులూ కలిపి అంధత్వం 1.84 శాతమనీ, అందులో 44 శాతం శుక్లం వల్లేననీ తేల్చింది. ఆ అధ్యయనానికి ఎంచుకున్న చోట్లు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. రాయలసీమ జిల్లా ఒక్కటీ అందులో లేదు. లెక్కల్లోకి రావడంలో సీమ వెనకబడ్డం ఇదేమీ మొదటిసారి కాదు.

సూది నుంచి లెన్స్ దాకా

కటకాన్ని సూదితో వెనక్కి తోసేసే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. ఊరూరా తిరిగే నాటు కంటి వైద్యులు ఇరవయ్యో శతాబ్దంలోనూ అదే చేశారు. తోసిన క్షణంలో రోగికి వెలుగు కనబడేది, డబ్బు తీసుకుని వైద్యుడు పక్క ఊరికి వెళ్ళేవాడు, తర్వాత చాలా కళ్ళు చీముపట్టో, ఒత్తిడి పెరిగో పోయేవి. కడప అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. 1819లో మొదలైన మద్రాసు కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటుగా ఉన్న ఆర్.హెచ్. ఎలియట్ ఇలా చెడిన కళ్ళను వందల సంఖ్యలో పరిశీలించి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒక పుస్తకమే వెలువరించాడు.

ఈ తాలూకాల్లో ఆధునిక వైద్యానికి పాత చిరునామా జమ్మలమడుగు. పంతొమ్మిదో శతాబ్దం చివర లండన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడికి వచ్చిన డాక్టర్ క్యాంప్‌బెల్ పేరే మిషన్ ఆసుపత్రికి నిలిచింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్య పట్టా పుచ్చుకున్నాక కొద్దికాలం ఆ ఆసుపత్రిలోనే పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ధర్మాసుపత్రి పెట్టారు. చాలాకాలం తర్వాత, 2019 అక్టోబరు 10న రాష్ట్ర ప్రభుత్వం అనంతపురంలో ఆరంభించిన కంటి వెలుగు పథకానికి ఆయన పేరే పెట్టారు. మొదట బడిపిల్లలకు పరీక్షలు చేశారు. 2020 ఫిబ్రవరిలో అవ్వాతాతల వంతు వచ్చింది.

మిషన్ ఆసుపత్రికీ, కంటి వెలుగుకూ నడుమ కంటి శిబిరాల కాలం నడిచింది. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఊరూరా శిబిరాలు పెట్టి, ఒకే రోజు 833 శుక్లాల ఆపరేషన్లు చేసినట్టు గిన్నిస్ పుస్తకానికెక్కారు. కటకం తీసేవారు, లెన్స్ పెట్టేవారు కాదు. దాని బదులు పది డయాప్టర్ల ప్లస్ పవరున్న మందపాటి అద్దాలు ఇచ్చేవారు. అవే మన పల్లెల్లో సోడాబుడ్డి అద్దాలు. వాటిలోంచి మనుషులు సుమారు నాలుగో వంతు పెద్దగా కనబడేవారు, పక్క చూపు ఉండేది కాదు, గడప ఎత్తు తెలియక తట్టుకునేవారు. ఆ అద్దాలు పగిలినా పోయినా, ఆపరేషన్ బాగా జరిగిన మనిషి మళ్ళీ గుడ్డివాడే.

లెన్స్ కథ లండన్‌లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకోవడం హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్‌ను మనిషి కంట్లో పెట్టాడు. తోటి వైద్యులు ఏళ్ళ తరబడి ఆయన్ను ఎద్దేవా చేశారు. మన దేశంలో సామాన్యుడి కంటికి లెన్స్ అందడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. 1992లో మదురై అరవింద్ ఆసుపత్రి వాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి, అప్పటిదాకా వంద డాలర్లకు అటూ ఇటూ ఉన్న లెన్స్‌ను పది డాలర్ల స్థాయికి దించారు. 1994లో మొదలైన ప్రపంచబ్యాంకు శుక్లాల ప్రాజెక్టులో చేరిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సోడాబుడ్డి అద్దాలు మాయమైంది ఆ పదేళ్ళలోనే.

కత్తి, కుట్టు, ఫేకో

ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, ధర్మాసుపత్రుల్లోనూ ఎక్కువగా జరిగేది చిన్న కోత శస్త్రచికిత్స. కంటి తెల్లగుడ్డులో ఆరేడు మిల్లీమీటర్ల సొరంగం లాంటి దారి చేసి, కటకం గింజను ఒకే ముక్కగా బయటికి తెస్తారు. ఆ దారి దానంతటదే మూసుకుంటుంది, కుట్లు అక్కర్లేదు. దీన్ని ‘పాత పద్ధతి’ అని తీసిపారేయడం అన్యాయం. బాగా ముదిరి నల్లబడిన శుక్లాలకు, అంటే మన పల్లె వృద్ధుల్లో తరచుగా కనబడే రకానికి, అనుభవమున్న చేతిలో ఇది చాలా భద్రమైనది. 2007లో నేపాల్‌లో సండూక్ రుయిత్ బృందం దీన్నీ ఫేకోనూ పోల్చి చూస్తే ఫలితాలు రెంటికీ బాగానే వచ్చాయి. చిన్న కోత పద్ధతి త్వరగా, చవగ్గా ముగిసింది.

ఫేకో 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ తెచ్చిన పద్ధతి. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నప్పుడు పళ్ళు శుభ్రం చేసే యంత్రం చూసి ఆయనకు ఆలోచన తట్టిందంటారు. తీరు ఇది. చుక్కల మందుతో కన్ను మొద్దుబారుతుంది. అయోడిన్ ద్రావణంతో కడిగి రెప్పలు కదలకుండా క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు మీద ఉండే కార్నియా పొర అంచున రెండున్నర మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఒక కోత. కంట్లోకి పారదర్శకమైన జెల్ ఎక్కిస్తారు. శుక్లం తెల్లబడి ఉంటే కటకం సంచి కనబడడం కోసం నీలం రంగు వేస్తారు. సంచి ముందు గోడను ఐదు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కగా చించుతారు. ఆపరేషన్ మొత్తంలో చేతి నైపుణ్యం కనబడేది ఇక్కడే. తర్వాత సన్నటి గొట్టం అల్ట్రాసౌండ్ కంపనాలతో గింజను పొడిచేసి పీల్చేస్తుంది. మడిచిన లెన్స్ అదే కోత లోంచి సంచిలోకి జారి, మెల్లగా విచ్చుకుంటుంది. మామూలు శుక్లమైతే పావుగంట పని. రోగికి వెలుగు, రంగులు, యంత్రం శబ్దం తెలుస్తాయి, నొప్పి దాదాపు తెలియదు.

ఊళ్ళో ‘లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా’ అని చెప్పేవాళ్ళలో ఎక్కువమందికి జరిగింది ఈ ఫేకోనే. ఇందులో లేజర్ లేదు.

అసలు లేజర్

నిజంగా లేజర్ వాడే పద్ధతి పేరు ఫెంటోసెకండ్ లేజర్ శుక్ల శస్త్రచికిత్స. సెకనులో లక్ష కోట్ల వంతుకంటే తక్కువ నిడివి ఉండే కాంతి స్పందనలు కణజాలాన్ని కాల్చకుండా, అనుకున్న లోతులో మాత్రమే విడదీస్తాయి. ఇలాంటి స్పందనలు పుట్టించే పద్ధతికే జెరార్ మూరూ, డొనా స్ట్రిక్లాండ్‌లకు 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. శుక్లానికి దీన్ని మొదట వాడింది బుడాపెస్ట్‌లో జోల్టాన్ నాజ్, 2008లో.

యంత్రం కంటికి ఒక వలయాన్ని అతికించి, కంటి లోపలి పొరలను స్కాన్ చేసి, కంప్యూటర్ గీసిన కొలత ప్రకారం మూడు పనులు చేస్తుంది: కోతలు పెట్టడం, సంచి ముందు గోడను కచ్చితమైన వృత్తంగా కోయడం, గింజను ముక్కలుగా విడగొట్టడం. కొద్దిపాటి ఆస్టిగ్మాటిజం (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉంటే కార్నియా మీద వంపు కోతలు కూడా పెట్టగలదు. అక్కడితో దాని పని అయిపోతుంది. ముక్కల్ని పీల్చేయడానికీ, లెన్స్ పెట్టడానికీ మళ్ళీ ఫేకో గొట్టం, సర్జన్ చెయ్యి కావాల్సిందే. ‘కత్తి లేని ఆపరేషన్’ అనే ప్రకటనను ఆ మేరకే నమ్మాలి.

లాభమెంత? ఫ్రాన్స్‌లో ఫెమ్‌క్యాట్, బ్రిటన్‌లో ఫ్యాక్ట్ అనే పెద్ద పరీక్షల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. చూపు విషయంలో గానీ, చిక్కుల విషయంలో గానీ మామూలు ఫేకోకంటే లేజర్ చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలం లేదని ఫ్రెంచి పరీక్ష నిర్మొహమాటంగా చెప్పింది. గింజ బాగా గట్టిగా ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ శక్తి తగ్గించడానికీ, కటకాన్ని పట్టి ఉంచే దారాలు బలహీనంగా ఉన్నప్పుడూ కొందరు సర్జన్లు దీన్ని ఇష్టపడతారు, అందులో తర్కం ఉంది. కానీ మన పల్లె పెద్దల్లో కొందరికి ఈ యంత్రం పనికే రాదు. చిన్నప్పుడు దెబ్బ తగిలో పుండు పడో నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు ఏర్పడి ఉంటే లేజర్ కాంతి దాని గుండా వెళ్ళదు. కనుపాప సరిగా విచ్చుకోకపోయినా అంతే. యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది కాబట్టి ఇది ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల పెద్ద ఆసుపత్రుల్లో కనబడుతుంది. అది లేదన్న కారణంతో ప్రొద్దుటూరులోనో కడపలోనో మంచి ఫేకో సర్జన్‌ను వదిలి బస్సెక్కాల్సిన పని లేదు.

ఇంకో లేజర్ ఉంది, యాగ్ లేజర్. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో ఏళ్ళకో లెన్స్ వెనక మిగిలిన సంచి గోడ మసకబారి చూపు తగ్గవచ్చు. ‘పొర మళ్ళీ వచ్చింది’ అని జనం భయపడేది దీనికే. శుక్లం మళ్ళీ రాదు. ఈ గోడకు యాగ్ లేజర్‌తో చిన్న కిటికీ తెరుస్తారు. కోత లేదు, కుర్చీలో కూర్చోబెట్టి కొన్ని నిమిషాల్లో ముగిస్తారు.

లెన్స్ ఎంపిక

సహజ కటకం సాగుతూ ముడుచుకుంటూ దూరాన్నీ దగ్గరనీ చూపిస్తుంది. నలభై దాటాక ఆ సాగే గుణం తగ్గడమే చత్వారం. కృత్రిమ లెన్స్‌కు ఆ గుణం లేదు. కాబట్టి ఏ దూరం స్పష్టంగా కావాలో ముందే తేల్చుకోవాలి, మిగతా దూరాలకు అద్దాలో రాజీయో తప్పదు. ఏ లెన్స్ కంపెనీ ఏజెంటు ఏం చెప్పినా అసలు బేరం ఇదే.

మోనోఫోకల్ లెన్స్ ఒకే దూరానికి పనిచేస్తుంది. మామూలుగా దూరం చూపుకు పెడతారు. చదవడానికి, మాత్రల పేర్లు చూడటానికి అద్దాలు వాడాలి. ప్రపంచంలో అత్యధికంగా పెడుతున్నది ఇదే, చూపు నాణ్యతలో దీన్ని మించింది ఇప్పటికీ లేదు. తోటకు నీళ్ళు కట్టుకునే, పశువుల్ని చూసుకునే, బండి నడిపే పులివెందుల రైతుకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ దూరానికే పెట్టాలన్న శాసనం లేదు. లెన్స్ పవరును కావాలని రెండున్నర డయాప్టర్లు మైనస్ వైపు ఉంచితే నలభై సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనబడుతుంది, మూడు ఉంచితే ముప్పై మూడు సెంటీమీటర్ల దగ్గర. పొద్దస్తమానం కమ్మీ లాగుతూ, రాళ్ళు పొదుగుతూ కూర్చునే ప్రొద్దుటూరు బంగారు పనివాడు పనికి అద్దాలు లేకుండా, రోడ్డు మీదికి వచ్చినప్పుడే అద్దాలు పెట్టుకునేలా ఈ ఏర్పాటు కోరవచ్చు. అడిగితేనే చేస్తారు, అడగకపోతే దూరానికే పెడతారు. మగ్గం మీద కూర్చునేవారికి కావాల్సింది నడిమి దూరం, అరవై సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఒక కంటిని దూరానికి, రెండో కంటిని ఒకటి ఒకటిన్నర డయాప్టర్ల మైనస్‌కు పెట్టే మోనోవిజన్ వాళ్ళకు సరిపోవచ్చు. ఇది అందరికీ పడదు. ముందు అద్దాలతోనో కాంటాక్ట్ లెన్సులతోనో అలా పెట్టి కొన్నాళ్ళు చూసుకుంటే తెలుస్తుంది.

ట్రైఫోకల్, మల్టీఫోకల్ లెన్సులు లోపలికి వచ్చే కాంతిని దూరానికి, నడిమికి, దగ్గరకి విడగొడతాయి. ఒకే కాలువ నీళ్ళను మడవలు తీసి మూడు మళ్ళకు పారించినట్టు. ఏ మడికీ పూర్తి నీళ్ళు అందవు. అద్దాల అవసరం బాగా తగ్గే మాట నిజమే. కొట్లో కూర్చుని ఫోనూ, బిల్లు పుస్తకమూ, గిరాకీ మొహమూ మార్చి మార్చి చూసే వ్యాపారికి అది సుఖమే. దానికి బదులుగా రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు, మసక వెలుతురులో తేడా పట్టలేకపోవడం భరించాలి. కొందరికి నెలల్లో అలవాటవుతుంది, కొందరికి ఎప్పటికీ కాదు. రాత్రి లారీ తోలేవాళ్ళు వీటి జోలికి పోకపోవడం మంచిది. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, నీటికాసుల జబ్బు ముదిరినవారికి, రెటీనా నడిబొడ్డు అరిగినవారికి ఇవి పెట్టకూడదు. అందుకే ఈ లెన్స్ అనుకున్నప్పుడు ముందుగా రెటీనాకు ఓ.సి.టి. స్కాన్ తీయించాలి. స్కాన్ లేకుండా మల్టీఫోకల్ ప్యాకేజీ చెబుతున్నారంటే లేచి వచ్చేయవచ్చు.

ఈడాఫ్ అని పిలిచే లెన్సులు రెంటికీ మధ్యరకం. ఫోకస్‌ను ముక్కలు చేయకుండా సాగదీస్తాయి, దూరం, నడిమి చూపు బాగుంటాయి, వలయాలు తక్కువ, సన్నటి అక్షరాలకు మాత్రం అద్దాలు కావాలి. మోనోఫోకల్‌నే కాస్త మెరుగుపరచి నడిమి చూపు కలిపిన ఐహాన్స్ లాంటివీ వచ్చాయి. అటు మగ్గానికో కంప్యూటరుకో అద్దాలు వద్దనుకుని, ఇటు వలయాలూ వద్దనుకునేవారు అడగదగ్గ రకం ఇది.

టోరిక్ వేరే జాతి కాదు, పై రకాలన్నిటిలోనూ దొరికే అదనపు గుణం. కార్నియా వంపు అడ్డంగా ఒకలా, నిలువుగా ఒకలా ఉంటే ఆస్టిగ్మాటిజం. అది ఒకటి ఒకటిన్నర డయాప్టర్లు దాటితే టోరిక్ లెన్స్‌కు పెట్టే డబ్బు వృథా పోదు. అది సరైన కోణంలో కూర్చోవాలి. ఒక్క డిగ్రీ తిరిగినా సుమారు 3.3 శాతం ప్రయోజనం పోతుంది, ముప్పై డిగ్రీలు తిరిగితే మిగిలేది సున్న. ఎండలో, దుమ్ములో పనిచేసేవారికి ముక్కు వైపునుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మన ప్రాంతంలో మామూలే. ఆ కండే ఆస్టిగ్మాటిజం పుట్టిస్తుంది. పెద్ద కండ ఉన్నప్పుడు ముందు దాన్ని తీయించి, కన్ను కుదురుకున్నాక కొలతలు తీయించాలి. లేకపోతే కండను కొలిచి లెన్స్ కొన్నట్టవుతుంది.

పదార్థం సంగతి చిన్నదే. గట్టి పి.ఎం.ఎం.ఎ. లెన్స్ పెద్ద కోతకు; మడిచే యాక్రిలిక్ లెన్స్ చిన్న కోతకు. నీరు పీల్చని హైడ్రోఫోబిక్ యాక్రిలిక్‌లో వెనక గోడ మసకబారడం తక్కువ. పసుపు రంగు లెన్స్ రెటీనాను కాపాడుతుందని అంటారు గానీ గట్టి రుజువు దొరకలేదు. ‘ఈ లెన్స్ ఇరవై ఏళ్ళే పనిచేస్తుంది’ అనే మాట అబద్ధం. లెన్స్‌కు గడువు లేదు. దేశీ లెన్స్ అంటే తక్కువ రకమనుకోనక్కర్లేదు. ఆరోల్యాబ్, అప్పాసామి లెన్సులు విదేశాలకూ వెళుతున్నాయి.

కొలత

ఎంత ఖరీదు లెన్స్ అయినా పవరు తప్పితే దండగ. కంటి పొడవు మామూలుగా 23, 24 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు పొరబాటు పడితే రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల పవరు తేడా వస్తుంది. కాంతితో కొలిచే యంత్రాలు అల్ట్రాసౌండ్ ఎ-స్కాన్ కంటే కచ్చితమైనవి, కానీ బాగా ముదిరిన శుక్లంలోంచి వాటి కాంతి వెళ్ళదు. ‘పండేదాకా ఆగుదాం’ అనేది లెన్స్ లేని కాలపు మాట. ఇప్పుడు ఆగితే కొలత తప్పే అవకాశం పెరుగుతుంది, గింజ గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది, మరీ ముదిరితే కంటి ఒత్తిడి పెరిగి విపరీతమైన నొప్పితో చూపే పోవచ్చు. ‘ఎండాకాలం వద్దు, చలికాలంలో చేయిద్దాం’ అన్నదానికీ ఆధారం లేదు. పని ఆగిపోయేంత ఇబ్బంది మొదలైందంటే అదే సమయం.

బెంగళూరులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ అద్దాలు పోవడానికి లాసిక్ చేయించుకున్న పిల్లలు ఆ కాగితాలు పారేయకూడదు. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళకు శుక్లం వస్తే లెన్స్ పవరు లెక్కకు అవి కావాలి.

ఎక్కడ, ఎంత

ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వ చిరునామాలు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర అరవింద్ ఆసుపత్రి, వేలూరు షెల్ ఆసుపత్రి సీమవాసులకు అలవాటైన దారులు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్, మామూలు లెన్స్ ఉచితం. స్వచ్ఛంద ఆసుపత్రులకు ఒక్కో ఆపరేషన్‌కు ఇంతని కేంద్రం ఇస్తుంది. ఊళ్ళో శిబిరంలో ఇప్పుడు పరీక్షే జరగాలి, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్లోనే. బడి గదిలో ఆపరేషన్ చేస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకూడదు.

ప్రైవేటులో ధరలో ఎక్కువ తేడా తెచ్చేది లెన్సే. వేలల్లో మొదలై, దిగుమతి ట్రైఫోకల్‌కు లేజర్ కూడా కలిస్తే రెండు కళ్ళకూ లక్ష దాటి పోతుంది. డాక్టరు గది నుంచి బయటికి రాగానే కౌన్సెలర్ ఒక ప్లాస్టిక్ కార్డు ముందు పెడుతుంది: సిల్వర్, గోల్డ్, ప్లాటినం. అక్కడ సంతకం పెట్టేముందు మళ్ళీ డాక్టరు దగ్గరికే వెళ్ళి ‘నా పని ఇది, నా కంటికి ఏది సరిపోతుంది, ఎందుకు’ అని అడగడం రోగి హక్కు. ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు రెండు విషయాలు చూసుకోవాలి. చాలా పాలసీల్లో శుక్లానికి రెండేళ్ళ నిరీక్షణ ఉంటుంది. కంటికి ఇంతకు మించి ఇవ్వమన్న పరిమితీ ఉంటుంది.

ముందూ వెనకా

ప్రోస్టేట్ ఇబ్బందికి టాంసులోసిన్ మాత్ర వేసుకుంటున్న మగవాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఆ మందు కనుపాప చుట్టూ ఉండే నల్లటి తెరను వదులు చేస్తుంది, సర్జన్‌కు ముందే తెలిస్తే జాగ్రత్త పడతాడు. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా మానకూడదు. షుగరు అదుపులో ఉండాలి. మామూలుగా రెండు కళ్ళకూ ఒకే రోజు చేయరు, మధ్యలో కొన్ని రోజులో వారాలో ఎడం ఇస్తారు.

అన్నిటికంటే భయపెట్టేది కంటి లోపల చీము పట్టడం. అది అరుదు, ఇంకా అరుదవుతోంది. ఆపరేషన్ చివర కంటి లోపలికి మాక్సిఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టాక అరవింద్ ఆసుపత్రుల్లో ఆరు లక్షలకు పైగా కళ్ళలో ఈ ముప్పు 0.07 శాతం నుంచి 0.02 శాతానికి తగ్గింది. అయినా ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. నాలుగైదు వారాలు చుక్కలు, రాత్రిపూట కంటి మీద కప్పు, డాక్టరు చెప్పేదాకా తలస్నానం మానడం, నలపకపోవడం. శనక్కాయ నూర్పిళ్ళ దుమ్ము, మగ్గం దూది నుసి, కట్టెలపొయ్యి పొగ, కంసాలి ఊదుగొట్టం వేడి కొన్ని వారాలు దూరంగా ఉంచాలి. వంకాయ, గుడ్డు, మాంసం మానే పథ్యం మాత్రం అవసరం లేదు.

ఆపరేషన్ అయ్యాక లెన్స్ డబ్బా మీది స్టిక్కర్ ఒకటి రోగికి ఇవ్వాలి. లెన్స్ పేరు, పవరు, వరుస సంఖ్య అందులో ఉంటాయి. ఇచ్చిన డబ్బుకు చెప్పిన లెన్సే పెట్టారనడానికీ, రేపు ఇంకే ఊరి డాక్టరుకు చూపించాలన్నా అదే ఆధారం. అడిగి తీసుకోండి, ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి.